పార్టిషన్ టేబుల్ పోయిన హార్డ్ డిస్క్: టేబుల్ బాగుచేయాలా, ఫైల్స్ బయటికి లాగాలా, ల్యాబ్‌కి పంపాలా, ఏది మేలు?

మాఘమాసం పెళ్లిళ్లు జోరుగా నడుస్తున్న టైంలో ఒకరోజు రాత్రి పదిన్నరకి తెనాలి నుంచి మా బావ ఫోన్ చేశాడు. ఆయనకి అక్కడ ఫోటో స్టూడియో ఉంది, మూడేళ్లుగా తీసిన పెళ్లిళ్లన్నీ ఒకే ఒక్క 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నాయి. "ఫార్మాట్ చేస్తేగానీ తెరుచుకోనంటోంది రా, నొక్కేయనా?" అన్నాడు. నాకు గుండె జారిపోయింది. వద్దు బావా, క్యాన్సిల్ నొక్కు, సిస్టం ఆపేసి డిస్క్ తీసి బీరువాలో పెట్టు, నేను పొద్దున్నే వస్తున్నా, ఈలోపు ఎవరొచ్చి ఏం చేస్తానన్నా చేయనివ్వకు అని చెప్పాను.

ఇలాంటప్పుడు అందరూ అడిగేది ఒకటే, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదీ అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది, పోయింది టేబులా లేక డిస్కే పోతోందా అని. పార్టిషన్ టేబుల్ అంటే డిస్క్‌లో ఏ భాగం (పార్టిషన్) ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో రాసుకున్న చిట్టా, పొలానికి హద్దురాళ్ల లాంటిది, రాళ్లు ఎవరో పీకేసినా పైరు అక్కడే ఉంటుంది. పాత ఎంబీఆర్ పద్ధతిలో అయితే ఈ టేబుల్ మొత్తం డిస్క్ మొదటి సెక్టర్‌లోనే (సెక్టర్ అంటే డిస్క్‌లో ఒక చిన్న గడి) ఉంటుంది, ఆ 512 బైట్లలో 446 బూట్ కోడ్‌కి, 64 టేబుల్‌కి, చివరి 2 బైట్లు 55, ఏఏ అనే గుర్తుకి. ఆ 64 బైట్లలో ఒక్కోటి 16 బైట్ల చొప్పున నాలుగు పార్టిషన్ల వివరాలు, అంతే. ఆ 64 బైట్లు చెడితే విండోస్ మొత్తం డిస్క్‌ని ఖాళీ అనేస్తుంది, మనం భయపడి ఏదో ఒకటి నొక్కేస్తాం. నిజమైన నష్టం చాలాసార్లు ఆ నొక్కడంతోనే మొదలవుతుంది.

అందుకే ముందు చెవి పెట్టి వినండి. టిక్ టిక్ అని కొట్టుకుంటుంటే, లేదా తిరగడం మొదలెట్టి ఆగిపోతుంటే ఆ డిస్క్‌కి వెంటనే పవర్ తీసేయాలి, దానికి ల్యాబ్ ఒక్కటే దారి, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా చదివే హెడ్ డేటా ఉండే పళ్లేన్ని (ప్లాటర్‌ని) గీకేసే ప్రమాదం ఉంది. శబ్దం మామూలుగా ఉంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి దాంట్లో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూడండి, పాడైన సెక్టర్ల సంగతి చెప్పే 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నాలుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 197 పెరుగుతూ పోతుంటే డిస్క్ చదవలేని సెక్టర్లు పోగవుతున్నాయని అర్థం. కేబుల్ మీద వచ్చే తప్పుల్ని లెక్కపెట్టే 199 ఒక్కటే పెరిగితే మాత్రం ముందు కేబుల్ మార్చి చూడండి, పది నిమిషాల పని, దాంతోనే సరిపోయిన కేసులు నేను చూశాను.

ఇక దారుల సంగతి. విండోస్ తనంతట తాను చూపించే మూడు, అంటే ఇనిషియలైజ్, ఫార్మాట్, చెక్‌డిస్క్, వీటిని నేను ఈ పోటీలోనే చేర్చను. ఇనిషియలైజ్ కొత్త ఖాళీ టేబుల్ రాస్తుంది, డేటా చెరిపేయదు గానీ పాత హద్దుల ఆనవాలు పోతుంది. ఫార్మాట్ ఇంకా ఘోరం, పాత ఫైల్స్ లిస్ట్ ఉన్న చోటి మీదే కొత్త లిస్ట్ రాసే అవకాశం ఉంది. చెక్‌డిస్క్ అయితే హద్దులు తప్పుగా ఉన్నప్పుడు తనకి తప్పనిపించినవన్నీ దిద్దుకుంటూ పోతుంది, ఆ దిద్దుబాటుని వెనక్కి తిప్పలేం. రెండేళ్ల కింద మా పిన్నివాళ్ల డిస్క్ ఒకటి ఒక షాపులో ఇస్తే వాళ్లు క్విక్ ఫార్మాట్ చేసి, రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి, దొరికిన ఫైల్స్‌ని మళ్లీ అదే డిస్క్ మీదకి సేవ్ చేశారు. దొరికినవి దొరకాల్సిన వాటి మీద పడ్డాయి. చనిపోయిన మా బాబాయి గొంతున్న వీడియోలు అందులోనే ఉన్నాయి, సగానికి పైగా రాలేదు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

అసలు పోటీ నాలుగింటి మధ్య. ఒకటి, టేబుల్‌నే తిరిగి రాయడం. రెండు, టేబుల్ జోలికి పోకుండా ఫైల్స్‌ని పేర్లతో సహా వేరే డిస్క్‌కి కాపీ చేసుకోవడం. మూడు, ఫోటోరెక్ లాంటి దానితో పచ్చి సెక్టర్లలోంచి ఫైల్స్ ఏరుకోవడం. నాలుగు, ల్యాబ్.

టేబుల్ తిరిగి రాయడం అన్నిటికన్నా తొందరగా అయ్యే పని, అందుకే మనసు లాగుతుంది. ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త పద్ధతి జీపీటీ, ఆ డిస్క్ అయితే దీనికి మంచి ఆధారం కూడా ఉంది, ఎందుకంటే జీపీటీలో టేబుల్ రెండు చోట్ల ఉంటుంది, మొదట్లో ఒకటి, డిస్క్ చిట్టచివర ఇంకోటి, రెండింటికీ సరిచూసుకునే చెక్‌సమ్ కూడా ఉంటుంది. మొదటిది చెడితే జీడిస్క్ అనే టూల్ తెరిచి రికవరీ మెనూకి ఆర్, చివరి హెడర్ తీసుకోవడానికి బి, చివరి టేబుల్ తీసుకోవడానికి సి నొక్కి, పి నొక్కితే పార్టిషన్లు కనపడతాయి, సైజులు మీకు గుర్తున్నట్టే ఉంటే డబ్ల్యూ. డబ్ల్యూ నొక్కేదాకా డిస్క్ మీద ఏమీ రాయదు కాబట్టి అనుమానం వస్తే క్యూ నొక్కి బయటికి వచ్చేయొచ్చు. ఈ ఒక్క కేసులో టేబుల్ రాయడానికి నేను పెద్దగా వెనకాడను, అక్కడ ఊహించి రాసేది ఏమీ లేదు, ఉన్న కాపీనే వాడుతున్నాం.

ఎంబీఆర్‌లో ఆ రెండో కాపీ లేదు. అక్కడ టెస్ట్‌డిస్క్ అనే టూల్ ఫైల్ సిస్టంల (పార్టిషన్ లోపల ఏ ఫైల్ ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు) ఆనవాళ్లు వెతుక్కుంటూ పోయి ఇదిగో ఇక్కడ మొదలై ఇక్కడ అయిపోయి ఉంటుందని అంచనా వేస్తుంది. అంచనా చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. కానీ డిస్క్‌ని గతంలో రెండు మూడుసార్లు విడగొట్టి కలిపి ఉంటే పాత పార్టిషన్ల దయ్యాలు కూడా లిస్ట్‌లో వస్తాయి, వాటిలో తప్పుది ఎంచుకుని రైట్ (Write) కొట్టి, విండోస్‌లోకి వెళ్లాక అది మౌంట్ చేసి చెక్‌డిస్క్ నడిపిందంటే ఇక అంతే సంగతులు. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది, మొదట్లో టేబుల్ టైప్ అడిగినప్పుడు జీపీటీ డిస్క్‌కి ఇంటెల్ అని ఎంచుకుంటారు, అక్కడే దారి తప్పుతుంది.

అదే టెస్ట్‌డిస్క్‌లో చాలామంది పట్టించుకోని సౌకర్యం ఒకటుంది, దొరికిన పార్టిషన్ మీద నిలబడి పి నొక్కితే లోపలి ఫోల్డర్లు కనపడతాయి, ఏ (a) నొక్కితే అన్నీ సెలెక్ట్ అవుతాయి, పెద్ద సి నొక్కితే వేరే డిస్క్‌కి కాపీ అయిపోతాయి, అసలు డిస్క్ మీద ఒక్క బైట్ కూడా మారదు. ఆ నల్ల స్క్రీన్ కష్టంగా అనిపిస్తే విండోస్‌లో డీఎమ్‌డీఈ ఉంది, ఫ్రీ వెర్షన్‌లోనే ఒక్కో ఫోల్డర్ నుంచి 4000 ఫైల్స్ దాకా తీసుకోనిస్తుంది, సామాన్యుడి ఇంటి ఫోటోలకి చాలావరకు అదే సరిపోతుంది. నాకు నచ్చేది ఈ రెండో దారే. దీనికి కావాల్సిందల్లా ఖాళీ ఉన్న ఇంకో డిస్క్. దానికి డబ్బు దండగ అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఏంటంటే, తప్పుగా రాసిన టేబుల్‌తో పోయే డేటాకి ఏ షాపులోనూ బదులు దొరకదు, కొత్త డిస్క్ ఎలాగూ రేపు బ్యాకప్‌కి పనికొస్తుంది.

ఫోటోరెక్‌ని చాలామంది మొదట పెడతారు, అది నాకు నచ్చదు. దాని శక్తి తక్కువేమీ కాదు, 480కి పైగా ఎక్స్‌టెన్షన్లు గుర్తుపడుతుంది, ఫైల్ సిస్టం పూర్తిగా పోయినా పని చేస్తుంది, దానికి టేబుల్ అక్కర్లేదు. కానీ పేర్లు, ఫోల్డర్లు ఏమీ రావు, ఎఫ్ తర్వాత ఒక పొడుగాటి నంబర్, అలా వేలకు వేలు ఫైల్స్ వస్తాయి. స్టూడియో వాడికి అది ఎంత నరకమో ఆలోచించండి, ఏ పెళ్లికూతురు ఎవరి ఫోల్డర్‌లోదో, హల్దీ ఎక్కడ మొదలైందో రిసెప్షన్ ఎక్కడ అయిపోయిందో తెలియదు, కెమెరా రా (RAW) ఫైల్స్‌లోపల దాగున్న చిన్న ప్రివ్యూలు కూడా విడి ఫోటోల్లా వచ్చి కలిసిపోవచ్చు. డిస్క్‌లో ముక్కలు ముక్కలుగా పడున్న పెద్ద వీడియోలైతే సగం ఆడి ఆగిపోతాయి. మిగతా దారులన్నీ మూసుకుపోయాకే దీని దగ్గరికి రావాలి.

ల్యాబ్ అనేది ఖరీదైన దారి, డిస్క్ ఆరోగ్యంగా ఉండి టేబుల్ మాత్రమే పోతే అక్కడికి వెళ్లనక్కర్లేదు, వాళ్లూ ఇవే టూల్స్ తరహా పనే చేస్తారు. కొట్టుకునే డిస్క్‌కి, నీళ్లలో పడ్డదానికి, బోర్డు కాలినదానికి మాత్రం రెండో ఆలోచన వద్దు. వీటికీ ఆరోగ్యమైన డిస్క్‌కీ మధ్యలో 197 పెరుగుతున్న డిస్క్ ఉంటుంది చూశారా, తిరుగుతుంది, చదువుతుంది, అక్కడక్కడా ఆగుతుంది, దానికి డీడీరెస్క్యూ అనే టూల్‌తో ముందు పూర్తి క్లోన్, అంటే డిస్క్ మొత్తానికి అచ్చు కాపీ తీసుకోవాలి. అది చదవగలిగినంత ముందు చకచకా లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది, ఎక్కడిదాకా వచ్చామో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మళ్లీ అక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు. ఇక మీ ప్రయోగాలన్నీ ఆ క్లోన్ మీదే, టేబుల్ రాయాలన్నా ధైర్యంగా దాని మీదే రాసి చూసుకోండి.

ఇప్పుడు బావ డిస్క్ దగ్గరికొస్తే. పొద్దున ఆరింటికల్లా తెనాలిలో ఉన్నాను. తీరా అడిగితే ఆయన చెప్పని సంగతి ఒకటి బయటపడింది, ఎక్స్‌టర్నల్ బాక్స్ యూఎస్‌బీ సాకెట్ లూజైతే ఎవరో బాక్స్ విప్పి లోపలి డిస్క్‌ని నేరుగా డెస్క్‌టాప్ సాటా కేబుల్‌కి తగిలించారట, అప్పుడే ఈ ఫార్మాట్ మెసేజ్ వచ్చిందట. స్మార్ట్ అంతా శుభ్రంగా ఉంది. కానీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 4 టీబీ డిస్క్ మీద 465 జీబీ పార్టిషన్ ఒక్కటే, అది కూడా రా (RAW) అని, అంటే లోపలి ఫైల్ సిస్టంని విండోస్ గుర్తుపట్టలేదని. ఆ అంకె నాకు ఎక్కడో తగిలింది. 4 టీబీని విండోస్ 3726 జీబీగా చూపిస్తుంది, దాన్ని 8తో భాగిస్తే సరిగ్గా 465 చిల్లర.

డీఎమ్‌డీఈలో మొదటి సెక్టర్ తెరిచి చూశాను. చివర 55, ఏఏ చక్కగా ఉన్నాయి, పార్టిషన్ రకం 07, అంటే విండోస్ వాడే ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్‌ఎస్, అదీ బాగానే ఉంది. మొదలయ్యే సెక్టర్ దగ్గర 00 01 00 00 అని ఉంది, ఈ బైట్లని వెనక నుంచి చదవాలి, అంటే 256. మామూలు డిస్క్‌లో అక్కడ 00 08 00 00, అంటే 2048 ఉంటుంది. అప్పుడు అర్థమైంది, టేబుల్ చెడిపోనే లేదు, దాన్ని తప్పు కొలతతో చదువుతున్నాం. 2 టీబీ దాటిన డిస్క్‌లు ఎంబీఆర్‌తో పాత విండోస్‌లో కూడా నడవాలని కొన్ని యూఎస్‌బీ బాక్సులు ఒక్కో సెక్టర్‌ని 512 బదులు 4096 బైట్లుగా చూపిస్తాయి. బాక్స్‌లో ఉన్నప్పుడు 256 అంటే 1 ఎంబీ దగ్గర. నేరుగా సాటాకి పెడితే అదే 256 అంటే 128 కేబీ దగ్గర, అక్కడ ఏ ఫైల్ సిస్టమూ లేదు, అందుకే రా, అందుకే ఎనిమిదో వంతు సైజు.

ఇక్కడ టెస్ట్‌డిస్క్‌తో 512 లెక్కన కొత్త టేబుల్ రాసినా లాభం లేదు, లోపలి ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా తన బూట్ సెక్టర్‌లో 4096 అనే రాసుకుని ఉంటుంది. ఫార్మాట్ చేసి ఫోటోరెక్ పెడదామని అంతకుముందు ఎవరో బావకి సలహా కూడా ఇచ్చారట, అదే జరిగుంటే మూడేళ్ల పెళ్లిళ్లు పేర్లు లేని కుప్పగా మిగిలేవి. నా ముందు మూడు మార్గాలున్నాయి, అలాంటి బాక్సే ఇంకోటి వెతకడం, టెస్ట్‌డిస్క్ జామెట్రీ మెనూలో సెక్టర్ సైజు 4096గా మార్చి ఫైల్స్ కాపీ చేయడం, లేదా లినక్స్‌లో లోసెటప్ అనే కమాండ్‌తో సెక్టర్ సైజు 4096 అని చెప్పి రీడ్ ఓన్లీగా తగిలించడం. బాక్స్ కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా వెళ్లే టైం లేదు, ఆ వారంలోనే ఒక పెళ్లివాళ్లకి ఆల్బమ్ ఇవ్వాలి. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి లోసెటప్ పెట్టాను. ఎంటర్ కొట్టిన రెండు సెకన్లకి ఫోల్డర్లన్నీ పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లతో, తేదీలతో వరసగా వచ్చేశాయి. బావ వెనక కుర్చీలో కూర్చుని ఒక్కో పేరూ పైకి చదువుతున్నాడు.

గుంటూరు నుంచి కొత్త 4 టీబీ డిస్క్ తెప్పించి కాపీ పెడితే పదకొండు గంటలు పట్టింది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను, మధ్యలో రెండుసార్లు లేచి చూసుకున్నాను.

బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే సౌకర్యం) పెట్టినవాళ్లకి, ఎస్ఎస్‌డీ వాళ్లకి ఒక మాట. బిట్‌లాకర్ ఉంటే హద్దులు దొరికినా పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ లేకుండా లోపలికి పోలేరు, ఫోటోరెక్‌కి కూడా అక్కడ ఏమీ దొరకదు, కాబట్టి ముందు కీ వెతకండి. ఎస్ఎస్‌డీలో టేబుల్ మాత్రమే పోతే పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, కానీ క్విక్ ఫార్మాట్ కొట్టారంటే విండోస్ ట్రిమ్ (ఈ చోటంతా ఇక ఖాళీ అని డిస్క్‌కి చెప్పే ఆదేశం) పంపేస్తుంది, ఆ తర్వాత ల్యాబ్ వాళ్లకి కూడా దాదాపు ఏమీ మిగలదు. కొన్ని ఎక్స్‌టర్నల్ బాక్సుల్లో బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అలాంటివైతే డిస్క్ విప్పినా లోపల చెత్తలాగే కనపడుతుంది, ఆ బోర్డు పారేయకండి.

బావ ఇప్పుడు రెండు డిస్క్‌లు వాడుతున్నాడు, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో. పాత డిస్క్‌ని ఇంకా అలాగే ఉంచాం, దాని మీద తెల్ల స్టిక్కర్ అంటించి మార్కర్‌తో రాశాను, సెక్టర్ 4096, నేరుగా సాటాకి పెట్టొద్దు అని.