ఎన్‌పీఎం ఇన్‌స్టాలా, ఎన్‌పీఎం సీఐనా?

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు కావాల్సిన ప్యాకేజీలను, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్‌ను, తెచ్చిపెట్టే సాధనం ఎన్‌పీఎం. ఇన్‌స్టాల్, సీఐ అందులో ఆ పని చేసే రెండు కమాండ్లు. కొత్త ప్యాకేజీ చేర్చాలన్నా, వెర్షన్ పెంచాలన్నా ఎన్‌పీఎం ఇన్‌స్టాలే దారి. కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ జేసన్‌తో, వాటి కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైలు పొసగకపోతే అది లాక్ ఫైలునే తిరగరాస్తుంది. ల్యాప్‌టాప్‌లో అది సౌకర్యమే, కోడ్‌ను విడుదలకు సిద్ధం చేసే బిల్డ్ సర్వర్‌లో మాత్రం ప్రమాదం: పరీక్షించిన వెర్షన్ ఒకటి, సర్వర్‌కెక్కేది ఇంకొకటి కావచ్చు.

2018లో 5.7.0 వెర్షన్‌తో వచ్చిన ఎన్‌పీఎం సీఐ అలా సర్దుకుపోదు. లాక్ ఫైలు లేకపోయినా, అది ప్యాకేజ్ జేసన్‌తో పొసగకపోయినా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ప్యాకేజీలు ఉండే పాత నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను పూర్తిగా తుడిచేసి, లాక్‌లో రాసిన వెర్షన్లనే పెడుతుంది. అందుకే బిల్డ్‌ల మధ్య ఆ ఫోల్డర్‌ను దాచుకుని లాభం లేదు. డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీల నిల్వ అయిన ఎన్‌పీఎం క్యాష్‌ను దాచండి. యాప్‌ను, దానికి కావాల్సినవాటిని ఒకే ఇమేజ్‌గా దశలవారీగా కట్టే డాకర్‌లో ముందు ప్యాకేజ్ జేసన్, లాక్ ఫైలు మాత్రమే కాపీ చేసి సీఐ నడపండి, మిగతా కోడ్ ఆ తర్వాతే. లేదంటే, మారిన దశ నుంచి డాకర్ అన్నీ మళ్లీ చేస్తుంది కాబట్టి, కోడ్‌లో ఒక్క అక్షరం మారినా ప్యాకేజీలన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ అవుతాయి.