నెలకు రెండు శనివారాలు

మా పెద్దాడికి ఐదేళ్ళు, చిన్నదానికి ఏడాదిన్నర ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. నెలలో రెండు శనివారాలు, మధ్యాహ్నం రెండున్నర గంటల సేపు, నావి. ఇంకో రెండు మా ఆయనవి. ఆ టైములో ఎవరు ఎక్కడికెళ్ళినా రెండోవాళ్ళు ఆరా తీయకూడదు, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని చెప్పకూడదు. ఐదో శనివారం వచ్చిన నెలలో ఇద్దరం కలిసి వెళ్తాం, పిల్లల్ని అత్తమ్మ చూసుకుంటుంది. మొదట్లో ఆమెకు ఇదంతా వింతగా ఉండేది. "ఒక్కదానివే గుడికి పోతే పోయినవ్ గానీ, మ్యూజియంల ఏం పనే నీకు?" అంది. ఇప్పుడు ఒంటిగంట కాగానే "ఇంకా తయారు కాలే?" అని ఆమే తొందరపెడుతుంది.

ఇది మొదలై ఐదేళ్ళు దాటింది. మాది హైదరాబాద్‌లో మలక్‌పేట. కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ ఈ వైపు లెక్కలే. గచ్చిబౌలి వాళ్ళకు రానూపోనూ ట్రాఫిక్‌లోనే రెండున్నర గంటలు అయిపోతాయి.

మొదటి ఆరు నెలలు దండగ చేశాను. ఒక మాల్‌లో కాఫీ షాపుకు వెళ్ళి కూర్చున్నాను. పక్క టేబుల్ దగ్గర ఎవరి పిల్లో "అమ్మా" అంది. నా మెడ దానంతట అదే అటు తిరిగింది. మళ్ళీ అంది, మళ్ళీ తిరిగాను. నాలుగోసారికి కాఫీ వదిలేసి లేచొచ్చాను. పార్కుల్లోనూ అంతే. ఉయ్యాల ఉన్న చోట "అమ్మా చూడూ" అనే కేక ఉండి తీరుతుంది. కేబీఆర్ పార్కు అందరికీ ఇష్టమే, నెమళ్ళ అరుపులు నిజంగా బాగుంటాయి. కానీ అది పొద్దున, సాయంత్రం నడిచేవాళ్ళ లోకం. పైగా నేను వెళ్ళిన రెండుసార్లూ మా ఆఫీసు వాళ్ళే ఎదురుపడి పిల్లల స్కూలు గురించి అడిగారు. ఆ పేరు కొట్టేశాను.

అలా కొట్టేయగా మిగిలినవి ఐదు: నాకు మూడు, ఇద్దరం కలిసి వెళ్ళేవి రెండు.

ఎక్కువసార్లు వెళ్ళింది సాలార్‌జంగ్ మ్యూజియం, ముప్ఫైసార్లకు తక్కువ ఉండదు. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో సాయంత్రం ఐదింటి దాకా ఉంటుంది. బ్యాగు కౌంటర్‌లో ఇచ్చేయాలి. డైపర్లు, తడి టవల్, సగం కొరికిన బిస్కెట్ ప్యాకెట్ ఉన్న బ్యాగును మొదటిసారి అక్కడ అప్పగించి టోకెన్ తీసుకున్నప్పుడు భుజానికి కలిగిన సుఖం ఇప్పటికీ గుర్తుంది. శనివారం జనం ఉంటారు, బడిపిల్లల బస్సులు కూడా వస్తాయి. అయినా దీన్ని ఎందుకు వదల్లేదంటే, ఇక్కడ ఒక కిటుకు ఉంది. గంట కొట్టే సమయానికి గడియారంలోంచి చిన్న గడ్డపు బొమ్మ బయటికొచ్చి కొడుతుందని అందరికీ తెలుసు. మూడు కావస్తుంటే భవనంలో ఉన్న పిల్లాజెల్లా అంతా అటే పరిగెడతారు. సరిగ్గా ఆ పది నిమిషాలు మిగతా గదులు ఖాళీ. నేను మాత్రం రెబెకా గదికి వెళ్తాను.

ముసుగు రెబెకా విగ్రహాన్ని ఇటలీ శిల్పి బెంజోని చెక్కాడు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ఫొటోలో చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. దగ్గరగా నిలబడితే మాత్రం ముఖం మీద కప్పిన పల్చటి బట్ట ఇప్పుడే తడిసి అంటుకున్నట్టుంటుంది. బట్టా పాలరాయే, కింద ముక్కూ పెదవులూ పాలరాయే. జనం మధ్యలో ఐదారుసార్లు చూశాను, ఏమీ అనిపించలేదు. ఒక్కదాన్నే నిలబడి చూసిన రోజున మాత్రం కాళ్ళు లాగేదాకా కదల్లేదు.

ఇంకో బొమ్మ, చెక్కది. ముందు నుంచి మెఫిస్టోఫిలిస్, ఫౌస్ట్ అనే జర్మన్ కథలోని సైతాను, ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. వెనక పెట్టిన అద్దంలో అదే కథలోని అమాయకురాలు మార్గరెటా తల వంచుకుని కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే మొద్దులో ఉన్నారు. పొద్దున ఏడున్నరకు టిఫిన్ డబ్బాల దగ్గర నన్ను చూసినవాళ్ళకు ఆ ముందు బొమ్మే కనిపిస్తుందని మా ఆయన జోకు. పిల్లల బొమ్మల విభాగం కూడా ఉందక్కడ. ఐదేళ్ళుగా జాగ్రత్తగా తప్పించుకు తిరుగుతున్నాను.

రెండోది ‘పైగా’ అనే వంశం వాళ్ళ సమాధులు. నన్నడిగితే నగరంలో దీన్ని మించిన నిశ్శబ్దం లేదు. సంతోష్‌నగర్ వైపు, పిసల్‌బండ దగ్గర, సందుల్లో ఉంటుంది. ఆటో అతనికి పేరు చెబితే తెలియదు, దారి మనమే చూపించాలి. నిజాంల కింద పెద్ద జాగీర్దార్లయిన పైగా వంశం వాళ్ళవి ఈ సమాధులు, 18వ శతాబ్దం చివర మొదలయ్యాయి. డంగు సున్నంతో చేసిన పని, మధ్యలో పాలరాతి జాలీలు, అంటే చిల్లుల తెరలు. ఒక జాలీలో ఉన్న డిజైను పక్కదానిలో ఉండదు. నాలుగు దాటాక ఎండ నేల మీద ఆ డిజైన్లనే మళ్ళీ గీస్తుంది. మెల్లగా జరుగుతూ, గోడెక్కేదాకా సాగుతూ పోతాయి. ఒకరోజు ఒక నక్షత్రం నా చెప్పు దగ్గర మొదలై మోకాలి దాకా వచ్చేవరకు కూర్చున్నాను. అంతసేపూ ఏం ఆలోచించావంటే చెప్పలేను. పావురాల రెక్కల చప్పుడు, దూరంగా ఎక్కడో సుత్తి దెబ్బ, అంతే. స్మశానంలో కూర్చోవడం ఏమిటని మా అక్క నొసలు చిట్లించింది. తనను ఒకసారి తీసుకెళ్ళాను, ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. లోటు ఒకటుంది, నీళ్ళూ తినేవీ మనమే చూసుకుని బయల్దేరాలి. చీకటి పడకముందే తిరిగొచ్చేయాలి కూడా.

బిర్లా మందిర్ సంగతి వేరు. మలక్‌పేటలో మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ అసెంబ్లీ, అక్కడి నుంచి కొండెక్కడమే. 1976లో తెరిచిన ఈ తెల్ల పాలరాతి గుడిలో గంటలు ఉండవు, ధ్యానానికి అడ్డం కాకూడదని పెట్టలేదట. ఫోన్ కూడా లోపలికి రానివ్వరు, కింద కౌంటర్‌లో ఇచ్చేయాలి. గంటల్లేని గుడి, ఫోన్ లేని నేను! మొదటి రెండుసార్లు చెయ్యి ఊరికే బ్యాగులోకి పోయేది. మూడోసారి నుంచి అలవాటైంది. సాయంత్రం దిగువన హుస్సేన్‌సాగర్, మధ్యలో బుద్ధుడు, ఇంకా చల్లారని పాలరాయి కాళ్ళ కింద వెచ్చగా. మధ్యాహ్నం కాసేపు గుడి మూసేస్తారు కాబట్టి ఎండాకాలంలో ఆలస్యంగా బయల్దేరడమే మంచిది.

ఇక్కడే ఒక తప్పు జరిగింది, నాదే. కిందికొచ్చి ఫోన్ చూస్తే ఇంటి నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. గుండె జారిపోయింది. మెట్ల మీదే నిలబడి తిరిగి చేశాను. "ఏం లేదే, టీవీ రిమోట్ ఏడ పెట్టినవ్?" అంది అత్తమ్మ. సోఫా కింద ఉంది. ఆ రోజు నుంచి ఫోన్ ఇచ్చేముందు "గంటన్నర ఫోన్ ఉండదు, అర్జెంటైతే ఎదురింటి వాళ్ళను పిలవండి" అని మెసేజ్ పెట్టి ఇస్తున్నాను. ఇంత చిన్న పని చేయకపోతే ఏ చోటికి వెళ్ళినా సగం మనసు ఇంట్లోనే.

ఇక ఐదో శనివారం, ఇద్దరి వంతు. దూరం వెళ్ళే ఓపిక ఉంటే గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీల సమాధుల దగ్గరికి వెళ్తాం. అక్కడ హయత్ బక్షీ బేగం సమాధి నీడలో కూర్చోవడం నాకిష్టం. చిన్నవాడైన కొడుకు గద్దెనెక్కితే రాజ్యం తనే నడిపిన తల్లి. మా రోడ్డు మీద రోజూ కనిపించే హయత్‌నగర్ బస్సు బోర్డులో ఉన్నది ఆమె పేరే. ఓపిక లేకపోతే దగ్గర్లోని రేమండ్ సమాధి. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని, మూసారాంబాగ్ పేరు ఆయన నుంచే వచ్చిందంటారు. దిబ్బ మీద నల్లరాతి స్తంభం, పక్కన స్తంభాల మంటపం, గాలి. అది 2001లో వానలకు కూలితే తిరిగి కట్టిన మంటపం. మనుషులు పలచగా ఉండే చోటు కాబట్టి ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళమని నేను చెప్పను. ఇద్దరికి మాత్రం భలే ఉంటుంది.

అక్కడ మా మాటలు ప్రతిసారీ ఒకేలా సాగుతాయి. మొదటి ఇరవై నిమిషాలు గ్యాస్ బుకింగ్, స్కూలు ఫీజు, చిన్నదాని పళ్ళు. తర్వాత చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. మొదటిసారి ఆ ఖాళీకి ఇద్దరికీ కాస్త ఇబ్బందైంది. "ఇక వెళ్దామా?" అన్నారాయన. "ఇంకా గంటుందండీ" అన్నాను. ఆ గంటలోనే, పెళ్ళికి ముందు తనకు ఫ్లూట్ నేర్చుకోవాలని ఉండేదని చెప్పారు. పన్నెండేళ్ళ కాపురంలో నాకు తెలియదా సంగతి.

ఖర్చు సంగతి అడిగేవాళ్ళుంటారు. టికెట్టు, మెట్రో, ఆటో అన్నీ కలిపినా ఆ మాల్‌లో నేను సగం వదిలేసిన కాఫీ బిల్లంత కాదు.

ఈమధ్య పెద్దాడు తననూ తీసుకుపొమ్మని వెంటపడుతున్నాడు. గడ్డపు బొమ్మ గంట కొట్టడం వాడింకా చూడలేదు. ఆదివారం తీసుకెళ్తానన్నాను. శనివారం మాత్రం కుదరదని చెప్పాను.