రైవింగ్ నైఫ్, గార్డు, ఆటోమేటిక్ బ్రేక్: టేబుల్ సాకు ఏది మేలు?

టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి పైకి వచ్చి తిరిగే గుండ్రని బ్లేడుతో చెక్క కోసే మెషీన్, కొనేటప్పుడు చాలామంది మోటారు ఎన్ని హార్స్‌పవర్, బ్లేడు ఎన్ని అంగుళాలు అని అడుగుతారు. నేనైతే ముందు బ్లేడు వెనక ఏముందో చూడమంటాను. పెద్ద ప్రమాదాలు ఎన్నో అక్కడే మొదలవుతాయి.

బ్లేడు ముందు వైపు పళ్లు కిందికి దిగుతూ కోస్తాయి కాబట్టి చెక్కను టేబుల్‌కి అదిమి పెడతాయి. వెనక వైపు అవే పళ్లు పైకి లేస్తాయి. కోసిన సందు మూసుకుని బ్లేడును పట్టేసినా, పలక ఫెన్స్ (పలకను ఆనించి నెట్టే పక్క పట్టీ) నుంచి కాస్త పక్కకు జరిగి వెనక పళ్లకు తగిలినా, అవి పలకను పైకెత్తి మన మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 సార్లు తిరిగితే పళ్ల వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. పలక పొట్టలో గుద్దుకోవడం ఒక్కటే కాదు భయం. దాన్ని నెడుతున్న చేతికి ఒక్కసారిగా ఆధారం పోతుంది, ఆ ఊపులో చేయి బ్లేడు మీదికి వెళ్లవచ్చు.

దీన్ని ఆపడానికి పాత మెషీన్లలో స్ప్లిటర్ ఉండేది, ఇప్పటి వాటిలో రైవింగ్ నైఫ్ ఉంటుంది. రెండూ బ్లేడు వెనక నిలబడే రేకులే. కోసిన సందు మూసుకోకుండా చూస్తాయి, పలకను వెనక పళ్ల వైపు జరగనివ్వవు. తేడా ఎక్కడంటే, స్ప్లిటర్ ఒకచోట కదలకుండా ఉంటుంది. బ్లేడును కిందికి దించేకొద్దీ రెంటికీ మధ్య ఖాళీ పెరుగుతుంది, ప్రమాదం ఆ ఖాళీలోనే జరిగిపోవచ్చు. పైగా అది బ్లేడు కంటే ఎత్తు. గాడి (పలకను పూర్తిగా తెగనివ్వకుండా కొంత లోతే కోసే కోత) తీయాలంటే ఊడదీయక తప్పదు. ఊడదీసినదాన్ని మళ్లీ బిగించేంత ఓపిక పని ఒత్తిడిలో ఎంతమందికి ఉంటుంది?

రైవింగ్ నైఫ్ బ్లేడుతో పాటే లేస్తుంది, దిగుతుంది, వంగుతుంది. బ్లేడుకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది, ఎత్తు బ్లేడు కంటే ఒక పిసరు తక్కువ. అందుకే మామూలు బ్లేడుతో గాడి తీసేటప్పుడు కూడా దాన్ని కదిలించక్కర్లేదు. ఈ ఒక్క కారణం చాలు, నా ఓటు దానికే. మందం మాత్రం సరిచూసుకోవాలి: బ్లేడు రేకు కంటే కాస్త ఎక్కువ, బ్లేడు చేసే కోత వెడల్పు కంటే కాస్త తక్కువ ఉండాలి. పలుచని బ్లేడు వేసి పాత నైఫే ఉంచితే చెక్క సగంలో ఇరుక్కుంటుంది. అప్పుడు బలవంతంగా నెట్టబోవడం చాలా ప్రమాదం.

బ్లేడును పైనుంచి కప్పే గార్డు పని వేరు. పైనుంచి చేయి పడకుండా కాపాడుతుంది, పొట్టు మొహం మీదికి ఎగరనివ్వదు. సన్నని ముక్కలు చీల్చేటప్పుడు అడ్డొస్తుంది, నిజమే. ఆ ఒక్క పనికి తీయండి, తర్వాత పెట్టేయండి. టూల్ అవసరం లేకుండా ఊడివచ్చే గార్డు ఉన్న మోడల్ దొరికితే అదే తీసుకోండి.

ఇక అందరూ అడిగేది చర్మం తగలగానే ఆగిపోయే బ్రేక్ గురించి. స్టీవ్ గాస్ అనే అమెరికన్ పేటెంట్ న్యాయవాది దీన్ని 1999లో కనిపెట్టారు. ఆ తర్వాత సాస్టాప్ పేరుతో మెషీన్లు మార్కెట్లోకి వచ్చాయి. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం ఉంటుంది. వేలు తగిలితే అది మారుతుంది, వెంటనే ఒక అల్యూమినియం దిమ్మె పళ్లలోకి దూసుకొస్తుంది. 5 మిల్లీసెకన్లలోపే బ్లేడు ఆగి టేబుల్ కిందికి దిగిపోతుంది. వేలు పోవాల్సిన చోట చిన్న గాటుతో బయటపడవచ్చు. ఇది గొప్ప విషయం, డబ్బు ఉంటే తప్పకుండా కొనండి. ఒకసారి పనిచేశాక బ్రేక్ కార్ట్రిడ్జ్ మార్చాలి, సాధారణంగా బ్లేడు కూడా పోతుంది. బాగా తడిగా ఉన్న చెక్క, చెక్కలోని లోహం కూడా దాన్ని పొరపాటున కదిలించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అది కిక్‌బ్యాక్‌ను ఆపదు. బ్రేక్ ఉంది కదా అని రైవింగ్ నైఫ్ తీసేసేవాళ్లకు ఎగిరే పలక నుంచి ఏ రక్షణా లేనట్టే.

చేతిలో పట్టుకునేది కూడా తేల్చుకోవాలి. పుష్ స్టిక్ చేతిని దూరంగా ఉంచుతుంది, కానీ పలకను వెనక అంచు దగ్గరే నెడుతుంది. ముందు భాగం పైకి లేస్తే దాన్ని అణచలేదు. పలక వెనక అంచును పట్టే మడమ ఉన్న పొడవాటి పుష్ బ్లాక్ నెడుతూనే పలకను కిందికి అదుముతుంది. ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య అది పట్టేంత చోటుంటే బ్లాకే మేలు. మరీ సన్నని ముక్కకు చెక్కతో చేసిన బ్లాకు వాడి, దాన్నే కొద్దిగా కోతలోకి పోనివ్వండి. పోయేది చెక్కముక్కే.

పాత మెషీన్‌కు రైవింగ్ నైఫ్ బిగించే ఏర్పాటు లేకపోతే, బ్లేడు చుట్టూ ఖాళీ లేకుండా సరిపోయే ఇన్సర్ట్ (టేబుల్‌లో బ్లేడు పైకి వచ్చే చోట అమరే పలక) చేసుకుని, బ్లేడు వెనక దానికి చిన్న స్ప్లిటర్ అమర్చుకోవచ్చు. నైఫ్ అంత మంచిది కాదు గానీ, ఏమీ లేకుండా పలక చీల్చడం కంటే ఎన్నో రెట్లు నయం.