యాభై డాలర్ల పాము

ఫ్లోరిడా అంటే మనవాళ్ళకి ఓర్లాండోయే. స్ప్రింగ్ బ్రేక్ రాగానే పిల్లల్ని డిస్నీకి తీసుకెళ్ళడం, ఎండలో క్యూలు కట్టడం, తిరిగొచ్చి క్రెడిట్ కార్డు బిల్లు చూసుకుని నిట్టూర్చడం. రెండుసార్లు చేశాం, చాలనిపించింది. ఈసారి అపలాచికోలా అడవికి పోదామన్నాను. అట్లాంటా పక్కన కమ్మింగ్ నుంచి ఆరు గంటల డ్రైవ్. మేం నలుగురం, మా తోడల్లుడు వాళ్ళు ముగ్గురు, ఒకటే వ్యాన్. "అడవిలో ఏముందండీ చూడ్డానికి?" అని మా ఆవిడ కొలంబస్ దాటేదాకా అడుగుతూనే ఉంది.

బెయిన్‌బ్రిడ్జ్‌కి ముందు రోడ్డు పక్కన ఒకాయన పెద్ద గుండిగలో పల్లీలు ఉడకబెట్టి అమ్ముతున్నాడు. ఉప్పు నీళ్ళలో, తొక్కతో సహా, అచ్చం మన ఊళ్ళో ఉడకబెట్టినట్టే. సంచి అయిదు డాలర్లు. మొదటి సంచి పది నిమిషాల్లో ఖాళీ అయింది. వెనక్కి తిరిగి ఇంకో మూడు కొన్నాం. ఆ తర్వాత గంటసేపు వ్యాన్‌లో ఎవరూ మాట్లాడలేదు, తొక్కల చప్పుడే.

ఇక క్యాబిన్ సంగతి. బ్రిస్టల్ ఊరి బయట, అపలాచికోలా నది గట్టు మీద, "రివర్ వ్యూ" అని ఫొటోలు చూపించి రాత్రికి 118 డాలర్లన్నారు. రెండు రాత్రులకి 236. క్లీనింగ్ ఫీజు 95, సర్వీసు ఫీజు 42, పన్ను 35 కలిపి 408 అయింది. నది కనిపించే మాట నిజమే, బాత్రూమ్ కిటికీలోంచి, బకెట్ బోర్లించి ఎక్కితే. సోఫా బెడ్ స్ప్రింగు ఒకటి గుడ్డలోంచి బయటికొచ్చింది. దాని మీద దుప్పటి మడతపెట్టి మా తోడల్లుడు పడుకున్నాడు, పాపం. గోడకి రూల్స్ కాగితం: వెళ్ళే ముందు దుప్పట్లు తీసి వాషర్లో వెయ్యాలి, గిన్నెలు కడగాలి, చెత్త రోడ్డు దాకా మోసుకెళ్ళి పెట్టాలి. మరి ఆ 95 దేనికని మా మరదలు అడిగింది. "బావగారూ, మనకే జీతం ఇవ్వాలి వీళ్ళు" అంది. కాగితం చివర లావు అక్షరాలతో, చెకౌట్ 11 గంటలకి, దాటితే 50 డాలర్లు. ఈ లైను గుర్తుపెట్టుకోండి.

రెండో రోజు టొరేయా స్టేట్ పార్కు. బండికి 3 డాలర్లు. ఫ్లోరిడాలో ఇంత ఎత్తు గట్లు ఉంటాయని ఎవరూ అనుకోరు. కింద నది గోధుమరంగులో సాగిపోతుంటుంది. పార్కు పేరు టొరేయా అనే అరుదైన చెట్టుది. ఈ ప్రాంతం దాటితే అది అడవిలో దాదాపు కనిపించదు. 1950లలో కాలవే అనే స్థానిక లాయరు బైబిల్లోని ఏదెను తోట ఇక్కడే ఉండేదని, నోవా ఓడ ఈ కర్రతోనే కట్టారని ప్రచారం చేశాడట. పక్కనున్న ట్రెయిల్‌కి ఇప్పటికీ గార్డెన్ ఆఫ్ ఈడెన్ అనే పేరు. అది నడిచే ఓపిక మాకు లేదు. పులిహోర తిని వచ్చేశాం.

మూడో రోజు పొద్దున్నే నేనూ మా తోడల్లుడూ మా అబ్బాయీ అడవిలోకి బయల్దేరాం. చెకౌట్ లోపు వచ్చేస్తామని ఆడవాళ్ళకి మాటిచ్చాం. వ్యాన్ గడియారం ఒక టైము చూపిస్తోంది, నా ఫోను గంట తక్కువ చూపిస్తోంది. "అన్నయ్యగారూ, వ్యాన్ గడియారం గంట ముందుకి తిరిగిందేమో" అన్నాడు మా తోడల్లుడు. ఫోను తప్పు చెప్పదు కదా అని నేనూ ఊరుకున్నాను.

బ్రిస్టల్‌కి దక్షిణంగా పోయే 379 నంబరు రోడ్డు నుంచి ఒక ఇసక దారి అడవిలోకి చీలుతుంది. రెండు పక్కలా పొడుగాకు పైన్ చెట్లు, కింద గడ్డి, అక్కడక్కడా నిప్పు పెట్టి కాల్చిన నల్లటి నేల. చెట్లు బతకాలనే ఇక్కడ అడవిని లెక్క ప్రకారం కాలుస్తారు. అయిదు నిమిషాలు నడిచామో లేదో మా తోడల్లుడు నా చొక్కా పట్టుకుని లాగాడు. "కట్లపాము!"

దారికి అడ్డంగా, బారెడు పైనే ఉంది. మొదటి చూపుకి నాకూ గుండె జారింది. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు చూస్తే మన ఊరి మనిషికి ఇంకేం గుర్తొస్తుంది? కానీ మేమున్నది అమెరికాలో అని తెలివి తెచ్చుకుని, పది అడుగుల దూరంలో కూర్చుని కెమెరా జూమ్ చేశాను.

మెడ దగ్గర నాలుగైదు కట్లు శుభ్రంగా, మీగడరంగులో, సన్నగా ఉన్నాయి. అక్కడి నుంచి మొదలైంది గందరగోళం. కట్లు వెడల్పయ్యాయి, వాటి అంచులు పోచంపల్లి చీరలో రంగు పక్క గడిలోకి జారినట్టు చెదిరాయి. కట్టుకీ కట్టుకీ మధ్య ఉండాల్సిన నలుపు కూడా నలుపు కాదు. ఒక్కో పొలుసు మొదట్లో మీగడ చుక్క, కొసన నలుపు. నల్ల నువ్వుల్లో బియ్యపు నూకలు కలిపి చల్లినట్టుంది. తోక దగ్గర కట్లున్నాయో లేదో కూడా చెప్పలేం. మా అబ్బాయి వెంట తెచ్చుకున్న పాత పుస్తకం తిరగేసి, "నాన్నా, ఇది రెండు బొమ్మల్లోనూ ఉంది, ఏ బొమ్మలోనూ లేదు" అన్నాడు.

అప్పుడే ఒక పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. నెరిసిన గడ్డం పెద్దాయన. ఈ అడవిలో నిప్పు పెట్టే పనిలో ముప్పై ఏళ్ళు చేశాడట. పాముని చూసి ఇంజను ఆపేసి, మాకంటే వెనకే నిలబడ్డాడు. పట్టుకోలేదు, కర్రతో తిప్పలేదు. నాకు నచ్చింది అదే. "కింగ్‌స్నేక్, విషం లేదు, పైగా విషప్పాముల్ని కూడా తింటుంది, ర్యాటిల్‌స్నేక్ విషం దీనికి ఎక్కదు" అన్నాడు. కింగ్ కోబ్రాకీ దీనికీ చుట్టరికం లేదు, పేరులో రాజరికం తప్ప.

ఏ రకం అని అడిగితే నవ్వాడు. తూర్పు తీరంలో చాలామేర ఉండే ఈస్టర్న్ కింగ్‌స్నేక్‌కి సన్నటి గొలుసు కట్లు, మధ్యలో పక్కా నలుపు. ఇక్కడి పల్లపు నేలల్లో, అపలాచికోలా, ఆక్లాక్‌నీ నదుల మధ్య ఇంకో రకం. దానికి కట్లు బాగా వెడల్పు, లేకపోతే అసలు కట్లే ఉండవు. మధ్య పొలుసులు తెల్లబడి ఉంటాయి. ఈ రెండూ కలిసే అంచుల్లో పుట్టినవాటికి ఇటు కొంత, అటు కొంత. మేం నిలబడ్డది ఆ అంచులోనేనట. చుట్టాలెవరన్నా ఇలాంటి పాముని చూపించి పేరడిగితే, ముందు ఎక్కడ చూశారో అడగాలన్నాడు. ఊరు, నదికి ఏ గట్టు అనేది తెలియకుండా ఒక్క ఫొటోతో తేల్చేవాడిని నమ్మొద్దన్నాడు. మెడ నుంచి తోక దాకా కట్లు లెక్కపెట్టడానికి పైనుంచి ఒక ఫొటో, కట్ల మధ్య పొలుసులు కనిపించేలా పక్కనుంచి దగ్గరగా ఒకటి, అవి చాలన్నాడు.

దీని పేరు మీదా గొడవేనట. 1949లో నీల్, ఆలెన్ అనే ఇద్దరు పరిశోధకులు నదికి అవతల చిపోలా లోయలో ఇలాంటి మచ్చల పాముల్ని చూసి "గోయిని" అని కొత్త ఉపజాతి పేరు పెట్టారు. పాములు పెంచేవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు వాడతారు. 2006లో క్రిస్కో, జడ్ అనే ఇంకో ఇద్దరు పరిశోధకులు వచ్చి, గోయిని అసలు రకమే కాదు, కలయిక మాత్రమే, పల్లపు పాము వేరు అని దానికి "మీన్సై" అని పేరు పెట్టారు. ఈ పాముల మీద ఏళ్ళతరబడి పనిచేసిన బ్రూస్ మీన్స్ పేరది. 2009లో పైరన్, బర్‌బ్రింక్ ఈ ఉపజాతులన్నీ ఒకే ఈస్టర్న్ జాతి అన్నారు. 2017లో క్రిస్కో వాళ్ళు జన్యువులు చూసి, కాదు, మీన్సై విడిగా ఒక జాతే అన్నారు. పాము మాత్రం ఇవేం పట్టించుకోకుండా నాలిక ఆడిస్తూ గడ్డిలోకి జారిపోయింది.

ఇవన్నీ విన్నాక మా తోడల్లుడు చాలా సంతోషపడ్డాడు. వాళ్ళది ఇచ్ఛాపురం. ఇంట్లో ఒక వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది. "కటక్ పోతే నన్ను తెలుగోడంటారు, విజయవాడ వస్తే ఒడియా యాస అంటారు. ఈ పాము మా ఊరిదే అన్నయ్యగారూ" అన్నాడు.

వెళ్ళబోతూ పెద్దాయన ఫొటో తీసిన టైము రాసుకోమన్నాడు. ఫోను చూసి 9:10 అన్నాను. ఆయన తన చేతి గడియారం చూసుకున్నాడు. "పది దాటింది కదా" అన్నాడు.

నదికి తూర్పున బ్రిస్టల్‌లో ఈస్టర్న్ టైము, వంతెన దాటితే బ్లౌంట్స్‌టౌన్‌లో సెంట్రల్ టైము. మా క్యాబిన్ గట్టు మీద ఉండటంతో రాత్రి ఫోను అవతలి టవరు పట్టుకుని గంట వెనక్కి పోయింది. అడవిలో సిగ్నల్ లేక అదే టైముతో ఉండిపోయింది. వ్యాన్ గడియారం చెప్పిందే నిజం. టెన్షన్‌తో ఇసకలో బండి దూకించుకుంటూ వచ్చాం. మధ్యలో ఒకచోట చక్రం కూరుకుపోయి ఇంకో అరగంట పోయింది. చేరేసరికి 11:40. ఓనరు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. టైము జోన్ సంగతి చెప్పబోయాను. "ఇక్కడికి వచ్చే వాళ్ళందరూ ఇదే చెబుతారు" అంది. అందరికీ జరిగేదే అయితే ఆ ముక్క రూల్స్ కాగితం మీద రాయొచ్చు కదా? రాయదు. సాయంత్రానికి కార్డు మీద 50 పడింది.

మా ఆవిడ మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. దుప్పట్లు, గిన్నెలు, చెత్త అన్నీ వాళ్ళిద్దరే చేశారు మరి. పాము ఫొటో చూపిస్తే, "దీని కోసమా?" అంది. మళ్ళీ పల్లీల బండి దగ్గర ఆపాక కొంచెం మెత్తబడింది.

వెళ్ళాలనుకునేవాళ్ళు టొరేయా పార్కులోనే క్యాంపు సైటు తీసుకోండి. నది ఒడ్డు క్యాబిన్ల జోలికి పోవద్దు. ఫోనులో టైము జోన్‌ని ఈస్టర్న్‌కి చేత్తో మార్చి పెట్టుకోండి. పొద్దున ఎండ పడేవేళ ఇసక దారుల్లో నడవండి, కార్లో తిరిగితే ఏదీ కనపడదు.

ఇంటికొచ్చిన మర్నాడు మా తోడల్లుడి దగ్గర్నుంచి నా బ్యాంకు ఖాతాకి జెల్‌లో (Zelle) 25 డాలర్లు వచ్చాయి. కింద "పాములో నా వాటా" అని రాశాడు.