ఏడాది డబ్బులు ముందే కట్టమనే నెట్ ఆపరేటర్‌తో జాగ్రత్త! మూడు పోర్షన్లకి ఒకే కనెక్షన్ అనుకునేవాళ్లు ఆగి చదవండి

విజయవాడలో సత్యనారాయణపురం, ముత్యాలంపాడు వైపు ఉండేవాళ్లకి ఎవరి గురించో చెప్పక్కర్లేదు. "పన్నెండు నెలలు కట్టండి, రెండు నెలలు ఫ్రీ, రూటర్ ఫ్రీ, వైరింగ్ ఫ్రీ". ఆ, ఆయనే. పేరు రాయను, అర్థమైనవాళ్లకి అర్థమైంది. గుంటూరు బ్రాడీపేటలో హాస్టళ్లకీ, షేరింగ్ రూములకీ ఇదే బేరం చెప్పి తిరిగేవాళ్లు ఉన్నారు కాబట్టి అక్కడివాళ్లూ చదవండి.

సంగతి క్లుప్తంగా. కింద ఓనర్లు, మధ్యలో మేము, పైన పెంట్‌హౌస్‌లో ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు. మూడు కనెక్షన్లు దేనికి, ఒకటి తీసుకుని పంచుకుందాం అన్న మహా తెలివి. 100 ఎంబీపీఎస్, నెలకి 599. ఏడాదికి 7,188. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 8,482. ఆ జీఎస్టీ ముక్క పాంప్లెట్‌లో భూతద్దం పెడితే గానీ కనపడదు. తలా 2,827 వేసుకుని ఫోన్‌పే కొట్టేశాం. కంపెనీ ఖాతాకి కాదు, ఆయన సొంత నంబరుకి. ఇంకా నయం, హారతి పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు.

ఐదో వారానికే బండారం బయటపడింది. పొద్దున పరుగెత్తే నెట్ రాత్రి ఎనిమిది దాటితే కుంటుతుంది, తొమ్మిదికి కూలబడుతుంది. నాలుగు ఫోన్ల తర్వాత మనిషి వచ్చాడు. ల్యాప్‌టాప్‌కి తీగ పెట్టాడు, ఊక్లా స్పీడ్ టెస్ట్ నొక్కాడు, 93 వచ్చింది. స్క్రీన్ మా వైపు తిప్పి "చూశారుగా, లైను బంగారం" అన్నాడు. కింద సర్వర్ పేరు చూస్తే వాళ్ల కంపెనీదే. పెరట్లో కొలుచుకుని ఊరంతా నాదే అన్నట్టుంది. సర్వర్ మార్చి, చెన్నైలో వేరే కంపెనీది పెట్టి మళ్లీ నొక్కమన్నాం. 11. ఇంకోసారి నొక్కితే 9.

అప్పుడు ల్యాప్‌టాప్ మూసి, బ్యాగులో పెట్టుకుంటూ అన్న మాట ఇది: "ఆరొందలకి లీజు లైను రాదండీ. మీ ఇంట్లో జనం ఎక్కువ. జనాన్ని తగ్గించుకోండి."

లీజు లైను అంటే ఒక్కరికే కేటాయించే ఖరీదైన లైను. సరే, ఎవరిని తగ్గించుకోవాలో కూడా చెప్పి వెళ్తే బాగుండేది. డబ్బులు తీసుకున్న రోజు మూడు పోర్షన్లు, పదకొండు మంది, మూడు టీవీలు అని నోటితో చెప్తే "నలభై మంది వాడినా కదలదు" అన్నది ఇదే మనిషి. డబ్బు వెనక్కి ఇవ్వమని ఓనర్ గారు ఫోన్ చేస్తే "అది పై కంపెనీకి వెళ్లిపోయింది, కావాలంటే ఈ కనెక్షన్ ఇంకెవరికైనా అమ్ముకోండి" అన్నాడట. పెద్దాయన ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

సరే, జనం ఎక్కువా? లెక్క చూడండి. హెచ్‌డీ వీడియోకి సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. మూడు టీవీలూ ఒకేసారి పెట్టినా 15. రెండు ఆఫీసు వీడియో కాల్స్‌కి ఒక్కోటి 3, 4 వేసుకోండి. ఫోన్లలో రీల్స్ చూసేవాళ్లని కూడా కలిపితే మొత్తం 40 దాటదు. నిజంగా 100 ఇస్తే పదకొండు మందికి ధారాళంగా సరిపోతుంది. తక్కువైంది మా ఇంట్లో కాదు, ఆయన దగ్గర. పైనుంచి ఆయన కొనుక్కునే బ్యాండ్‌విడ్త్ ఒక గిగాబిట్ అనుకోండి. అంటే 1000 ఎంబీపీఎస్. దాన్ని నాలుగొందల ఇళ్లకి "100 ఎంబీపీఎస్" అని అమ్మితే, రాత్రి తొమ్మిదికి అందులో వంద ఇళ్లు గట్టిగా వాడినా ఇంటికి పదే. అలా ఎక్కువమందికి పంచడం తప్పేం కాదు, పెద్ద కంపెనీలూ చేసేది అదే. కానీ ఇళ్లు పెరిగేకొద్దీ పైన కొనేది కూడా పెంచాలి. వీళ్లు ఇళ్లు పెంచుతారు, పైది పెంచరు.

ఫైబర్ కదా అని మురిసిపోవద్దు, అందులోనూ రకాలున్నాయి. జీపాన్ అయితే ఆపరేటర్ దగ్గర ఒక్కో పోర్టుకి కిందికి సుమారు 2.5 గిగాబిట్లు. దాన్ని స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తారు. 64 ఇళ్లూ ఒకేసారి మీద పడ్డా తలా 38 దాకా వస్తుంది. చవక రకం ఈపాన్‌లో పోర్టుకి దగ్గర దగ్గర ఒక గిగాబిట్టే, అదే 64 ఇళ్లకి పంచితే 15. ఇంట్లో పెట్టే డబ్బా మీద "ఎక్స్‌పాన్" అని ఉంటే ఏదీ తేలదు, అది రెండింటికీ పనిచేసే డబ్బా. మీ వీధిలో వేసింది ఏ రకమో లైన్‌మ్యాన్‌ని అడగండి. వాళ్లు అబద్ధం చెప్పరు పాపం, అమ్మేవాళ్లే చెప్తారు.

"యూట్యూబ్ బాగానే వస్తోందిగా" అంటారు. వస్తుంది. ఎందుకంటే జనం ఎక్కువగా చూసే వీడియోల కాపీలు పెట్టుకునే గూగుల్ సర్వర్లు చాలాచోట్ల ఆపరేటర్ల నెట్‌వర్క్ లోపలే ఉంటాయి. ఆ వీడియో బయటి దారి తొక్కనే తొక్కదు. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్, జూమ్, పిల్లల ఆన్‌లైన్ పరీక్ష బయటికి వెళ్లి రావాలి, దొరికిపోయేది అక్కడే. కాబట్టి యూట్యూబ్ చూపించి డెమో ఇస్తే నమ్మొద్దు.

పరీక్ష ఎలా చెయ్యాలంటే, వైఫై వదిలేసి ల్యాప్‌టాప్‌ని తీగతో డబ్బాకి పెట్టండి, మిగతావాళ్లని పది నిమిషాలు ఆగమనండి. ఊక్లాలో వేరే కంపెనీ సర్వర్, చెన్నైదో ముంబైదో పెట్టి చూడండి. తర్వాత క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల స్పీడ్ టెస్ట్ ఒకసారి. పొద్దున పదకొండుకి, రాత్రి తొమ్మిదికి, మూడు రోజులు, ప్రతిసారీ టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తియ్యండి. ఆ తర్వాత విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి tracert 8.8.8.8 అని కొట్టండి. 8.8.8.8 గూగుల్ సర్వర్ అడ్రస్, అక్కడికి వెళ్లే దారిలో మజిలీలన్నీ వరుసగా కనపడతాయి. మొదటి వరుస మీ ఇంటి డబ్బా. రెండోది చాలావరకు ఆపరేటర్ గేట్‌వే, అంటే ఆయన నెట్‌వర్క్ గుమ్మం. ఆ రెండో అడ్రస్‌కి విడిగా పింగ్ పెట్టండి (ping అని కొట్టి పక్కన ఆ అడ్రస్), వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతోందో చూపిస్తుంది. పొద్దున 3, 4 మిల్లీ సెకన్లు ఉన్నది రాత్రి 150కి పోతే, మీ ఇంటికీ ఆయన ఆఫీసుకీ మధ్యే ఇరుకు. అక్కడిదాకా బాగుండి 8.8.8.8కి మాత్రం పెరిగితే, ఆయన పైనుంచి కొన్నది చాలట్లేదు. మా ఇంట్లో రెండోదే. ఆ స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

"అన్‌లిమిటెడ్" అన్న మాట గురించి కూడా. మా ప్లాన్‌లో నెలకి 1000 జీబీ దాటితే 2 ఎంబీపీఎస్‌కి దిగుతుంది. ఈ సంగతి రసీదు వెనకాల ఉంది, ముందు కాదు. హెచ్‌డీ గంటకి ఇంచుమించు 3 జీబీ తాగుతుంది. మూడు టీవీలు రోజుకి నాలుగు గంటలు అంటే 36 జీబీ, నెలకి 1080. అంటే 28వ తారీకున నెట్ పడకేస్తుంది. ఒక్క కుటుంబానికి వెయ్యి జీబీ ఎక్కువే, పంచుకునే ఇంటికి చాలదు. చాలా కంపెనీలు 3300 జీబీ దాకా ఇస్తున్నాయి, కనీసం అది చూసుకోండి.

ఫ్రీ రూటర్ కథ వేరే. పెట్టె మీద "300 ఎంబీపీఎస్" అని పెద్దక్షరాలు. అది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న రకం, గదిలో కూర్చున్నా 40, 50 మించి రాదు. దాని తీగ పోర్టులు 100వి, అంటే నికరంగా 94. మన సందుల్లో ఫోన్ తీసి చూస్తే ఇరవై వైఫైలు కనపడతాయి. 2.4లో ఒకదానికొకటి తగలకుండా ఉండే ఛానళ్లు మూడే: 1, 6, 11. పైగా స్లాబు దాటి మేడ మీదికి వెళ్లేసరికి సిగ్నల్ సగం చచ్చిపోతుంది. అన్యాయంగా మాట్లాడను, మా బాధలో పావు వంతు ఈ రూటర్‌దే, దాన్ని ఫ్రీ అని పుచ్చుకున్న మాదే. పోర్షన్లకి పంచుకోవాలంటే గిగాబిట్ పోర్టులున్న డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) రూటర్ ఒకటి, అక్కణ్ణుంచి ఒక్కో అంతస్తుకి క్యాట్ 6 తీగ, పైన ఆ తీగకి తగిలించి వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్. వైఫైని పట్టి మళ్లీ వైఫైగానే ముందుకి పంపే రిపీటర్ కొనొద్దు, సింగిల్ బ్యాండ్‌దైతే ఉన్న స్పీడులో సగం అదే మింగుతుంది. తీగ వేసేవాడు లోపలి నాలుగు జతల పోగులూ కనెక్టర్‌లో బిగించాడో (క్రింప్) లేదో చూడండి. రెండు జతలే వేస్తే గిగాబిట్ పోర్టు కూడా 100కి పడిపోతుంది. అలాగే ఒకరి ఫోన్లోంచి గూగుల్ ఫోటోస్ బ్యాకప్ మొదలైతే అప్‌లోడ్ నిండిపోయి మిగతా అందరి కాల్సూ తెగుతాయి. రూటర్‌లో ఒక్కో పోర్షన్‌కి అప్‌లోడ్ హద్దు పెట్టే సదుపాయం ఉందో లేదో కొనేముందే అడగాలి.

వాళ్ల వైరింగ్ చూస్తే ఏడుపొచ్చింది. స్తంభం మీంచి వచ్చిన నల్ల ఫైబర్ తీగని కిటికీ గ్రిల్లుకి కట్టుతీగతో బిగించి, అద్దం తలుపు జారే గాడిలోంచి లోపలికి లాగారు. కిటికీ వేసినప్పుడల్లా తలుపు దాని మీదే కూర్చుంటుంది. లోపల గాజు పోగు ఉంటుందండీ, మడిస్తే వెలుతురు బయటికి కారిపోతుంది. దానికి తోడు ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం సాకెట్‌లో దోపారు. పచ్చదాని ముఖం ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలందానిది ఏటవాలు కాదు. రెండూ సరిగ్గా ఆనవు, సిగ్నల్ పోతుంది. బ్రౌజర్‌లో డబ్బా పేజీ తెరిచి (ఎక్కువగా 192.168.1.1), పాన్ స్టేటస్‌లో ఆర్ఎక్స్ పవర్, అంటే డబ్బాకి అందే వెలుతురు బలం, చూడండి. మైనస్ 18 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే హాయి. మైనస్ 27 అంటే అంచు మీద ఉన్నట్టు, ఇంకాస్త దిగితే సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్ఓఎస్ ఎర్ర లైటు. మాది మైనస్ 26.8. కిటికీ మూస్తే ఎర్ర లైటు, తెరిస్తే పచ్చ లైటు. దోమలు కావాలా, నెట్ కావాలా మీరే తేల్చుకోండి అన్నట్టు.

"స్టాటిక్ ఐపీ ఫ్రీ" అన్నది కూడా ఒట్టిదే. స్టాటిక్ ఐపీ అంటే మీకొక్కరికే ఉండే, మారని ఇంటర్నెట్ అడ్రస్. రూటర్‌లో వ్యాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, లేదా 10తో మొదలైతే, బయటికి మీ పేరున అడ్రస్ లేదు, ఎందరికో కలిపి ఒకటి ఇచ్చారని అర్థం. అలాంటి లైను మీద పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి ఇంట్లోకి దారి) పెట్టి ఊళ్లోంచి సీసీ కెమెరాలు చూద్దామంటే కుదరదు. గూగుల్ పదే పదే ట్రాఫిక్ లైట్ల బొమ్మలు నొక్కమనడానికీ చాలాసార్లు కారణం ఇదే. ఇంకో ముఖ్యమైనది, కనెక్షన్ ఎవరి ఆధార్ మీద ఉంటే, పై పోర్షన్‌లో ఎవడు ఏ వెధవ పని చేసినా పోలీసులు వచ్చేది వాళ్ల గుమ్మానికే. పాస్‌వర్డ్ పక్కింటికి ఇవ్వకండి.

ఇక ఏం చెయ్యాలంటే, మొదట ఒక్క నెలే కట్టండి. నెలవారీ ఇవ్వను అన్నవాడి దగ్గర కనెక్షనే వద్దు. అదే లైను వాడే పక్కింటికి రాత్రి తొమ్మిదికి వెళ్లి స్పీడ్ చూడండి. డబ్బు కంపెనీ యాప్‌లోనో ఖాతాకో వెయ్యండి. జీఎస్టీ తీసుకుంటే జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. అది 15 అక్షరాలు, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. మాకిచ్చిన తెల్ల కాగితం మీద ఆ నంబరే లేదు. మరి ఆ పన్ను ఎవరి జేబులోకి పోయిందో!

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు కాల్ సెంటర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) రాసుకోండి. తేలకపోతే ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయండి, టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, మరీ చిన్నవాటికి తప్ప, కంపెనీకి ఒకరు ఉండాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. టెలికం గొడవలు అక్కడ వినరు అని ఎవరైనా అంటే, వినొచ్చని 2022లో సుప్రీంకోర్టే చెప్పిందని చెప్పండి. మేం డాకెట్ దగ్గర ఉన్నాం.

ఆ, ఇంకోటి. వదిలేసేటప్పుడు డబ్బా, అడాప్టర్ వెనక్కిచ్చి ఊరుకోకండి. సీరియల్ నంబరు కనపడేలా ఫోటో తీసి, తీసుకున్నవాడి చేత తారీకు వేయించి సంతకం పెట్టించుకోండి. లేకపోతే "ఫ్రీ" రూటర్‌కి కూడా బిల్లు వస్తుంది.