రామేశ్వరం వెళ్లేవారికి హెచ్చరిక: సేతువు ఇసుక పేరుతో రోడ్డు పక్క మట్టి ఇస్తున్నారు

రామేశ్వరంలో గైడును మాట్లాడుకుని ఒక్క రోజులో ద్వీపమంతా చూద్దామనుకునేవారు, ముఖ్యంగా కాశీయాత్ర కోసం సేతువు ఇసుక తెచ్చుకోవాలనుకునేవారు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మొన్ననే మాకు జరిగింది. కోపం ఇంకా చల్లారలేదు. రాతలో వరస తప్పితే మన్నించండి.

తూర్పు గోపురం వైపు వీధుల్లో, లాడ్జీల ముందు నిలబడి మన మాట వినగానే తెలుగులో పలకరించే గైడులు మీలో చాలామందికి తెలిసే ఉంటారు. మాకు దొరికినవాడు ఆ రకమే. లాడ్జి కౌంటరు దగ్గర ఉన్నతనే పిలిచి పరిచయం చేశాడు. నేను, నా భార్య, మా అమ్మ, మా పెద్దమ్మ, మొత్తం నలుగురం. కారుతో కలిపి రోజుకు 3,500 రూపాయలు. అగ్నితీర్థం, గుడిలోని 22 తీర్థాలు, దర్శనం, గంధమాదన పర్వతం, కలాంగారి ఇల్లు, విల్లూండి తీర్థం, పాంబన్ వంతెన, కోదండరామాలయం, చివరికి ధనుష్కోడి దాటి, సేతువు ఉన్న ద్వీపం కొస అరిచల్‌మునై. ఇవన్నీ చూపిస్తానన్నాడు. మిగతావి ఒకటి రెండు తప్పినా ఫరవాలేదు, అరిచల్‌మునై మాత్రం తప్పకూడదు, మా అమ్మ వచ్చిందే దానికోసం అని నేను రెండుసార్లు చెప్పాను. "అమ్మగారిని సేతువు దగ్గర నా చేత్తో దింపుతాను సార్" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనం మేమే చేసుకున్నాం. అగ్నితీర్థంలో స్నానం అయ్యాక అతను వచ్చి, 22 తీర్థాలకు మనిషికి 300 చొప్పున 1,200 తీసుకున్నాడు. తీరా లోపల మహాలక్ష్మీ తీర్థం దగ్గర వరసలో మా ముందున్న నెల్లూరు కుటుంబం చేతిలో టికెట్లు చూశాం. మనిషికి 25 రూపాయలు. దేవస్థానం కౌంటరులో ఎవరైనా తీసుకోవచ్చు. అదేమిటని అడిగితే, బావుల మీద నిలబడి నీళ్లు తోడేవాళ్లు తన మనుషులని, మన వాళ్లకు విడిగా పోస్తారని చెప్పాడు. విడిగా ఎవరూ పోయలేదు. అందరితో పాటు గుంపులో నిలబెట్టి బకెట్టు విసిరారు. పెద్దమ్మ వెనకపడితే ఆమె మీద నాలుగు చుక్కలు కూడా పడలేదు. కోటితీర్థం దాకా ఇదే వరస. సరే, డబ్బు పోతే పోయింది, స్నానం అయింది కదా అని ఊరుకున్నాం. తడిబట్టలతో గర్భగుడి వైపు వెళ్లనివ్వరు కాబట్టి బట్టలు మార్చుకుని, విశ్వలింగానికి, రామనాథుడికి మొక్కుకుని బయటికి వచ్చాం. ఆ మూడో ప్రాకారంలోని స్తంభాల వరస చూస్తే ఎంత విసుగైనా మాయమవుతుంది. అక్కడ నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అసలు మోసం కారెక్కాక మొదలైంది. బయలుదేరేముందే మిగిలిన డబ్బంతా అడిగాడు, డీజిలు పోయించాలని. దానికి తోడు, అరిచల్‌మునై దాకా కారు పోదు, ధనుష్కోడిలో దిగి జీపు ఎక్కాలని ఇంకో 1,000. జీపు మాట పచ్చి అబద్ధం. ఒకప్పుడు నిజమే, ఇసుకలో జీపులు, వ్యానులే వెళ్లేవి. 2017లో చివరిదాకా తారు రోడ్డు వేశారు. ఇప్పుడు కార్లు, ఆటోలు నేరుగా అరిచల్‌మునైలో అశోక స్తంభం ఉన్న మలుపు దాకా వెళ్తాయి.

తరువాత రోజంతా ఎలా గడిచిందో వింటే మీకే అర్థమవుతుంది. ముందు శంఖాల దుకాణం. అక్కడ గంట పైన. దక్షిణావర్త శంఖాలట, పళ్లెంలో గుట్టగా పోసి ఉన్నాయి. దక్షిణావర్త శంఖం దొరకడమే బహు అరుదు, గుట్టలుగా ఎక్కడినుంచి వస్తాయి? కొనలేదని మొహం మాడ్చుకున్నాడు. గంధమాదనం మీద రాముడి పాదాలు చూసి దిగాక ముత్యాల దుకాణం. తరువాత తేలే రాయి చూపిస్తానని ఒక చిన్న గుడి, అక్కడ పళ్లెంలో వంద వెయ్యమని బలవంతం. మసీదు వీధిలో కలాంగారి ఇల్లు పది నిమిషాలు. పిల్లల్ని తీసుకెళ్లేవారు అక్కడ తీరిగ్గా గడపాలి, మమ్మల్ని తరిమినట్టు బయటికి తెచ్చాడు. ఆ వెంటనే భోజనమని చెప్పి గంటన్నర మాయమయ్యాడు. ఫోను తియ్యలేదు. మధ్యాహ్నం ఎండలో ముసలివాళ్లిద్దరూ కారులో కూర్చున్నారు.

వచ్చేసరికి మూడు దాటింది. ఇక ధనుష్కోడి పోదాం అన్నాను. "దారిలోనే విల్లూండి, పాంబన్ ఉన్నాయి, చూసుకుని పోదాం" అన్నాడు. ద్వీపం పటం ఒక్కసారి చూడండి. విల్లూండి తీర్థం, పాంబన్ రెండూ రామేశ్వరం ఊరికి పడమర. ధనుష్కోడి ఆగ్నేయంగా, ద్వీపం కొసన. ఒకదాని దారిలో ఇంకొకటి ఎలా ఉంటుంది? నేను అదే అన్నాను. ఇంకా చాలా టైముంది, రాత్రి ఏడింటి దాకా వదులుతారని ఒట్టేసి చెప్పాడు. పాంబన్‌లో కొత్త వంతెన చూపించాడు, 2025 ఏప్రిల్‌లో ప్రారంభించినది, మధ్యలో పట్టాలు నిలువుగా పైకి లేస్తాయి. దాని పక్కనే 1914 నాటి పాత వంతెన. మంచి చోటే. కానీ మా అమ్మ కారు దిగలేదు. "సేతువు చూశాక చూద్దాం నాయనా" అంది.

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. మా తాతయ్య, అంటే ఆమె నాన్న, తుపానుకు ముందు రోజుల్లో రైలులోనే ధనుష్కోడి దాకా వెళ్లిన మనిషి. అప్పట్లో అక్కడ స్టేషను ఉండేది, రేవు ఉండేది, అక్కడినుంచి స్టీమరు ఎక్కితే తలైమన్నారు. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో ఊరు ఊరంతా పోయింది, పాంబన్ నుంచి వెళ్లిన పాసింజరు రైలు మనుషులతో సహా సముద్రం పాలైంది. తాతయ్య ఆ ఊరు గురించి, అక్కడ రెండు సముద్రాలు కలిసే చోటు గురించి, ఒక పక్క కడలి చెరువులా ఉంటే ఇంకో పక్క ఎగిరెగిరి పడుతుందని చెప్పిన కబుర్లు వింటూ పెరిగిన మనిషి మా అమ్మ. తాతయ్య అక్కడి ఇసుక తెచ్చి, ప్రయాగలో త్రివేణిలో కలిపి, గంగ తీసుకొచ్చి రామనాథుడికి అభిషేకం చేయించాడు. కాశీ రామేశ్వరం యాత్ర అంటే మనవాళ్లకు అదే కదా. ఇప్పుడు ఆమె తన వంతు మొదలుపెట్టింది. కార్తీకంలో కాశీ ప్రయాణం పెట్టుకున్నాం. సేతువులో ఇసుక తీసుకోవడానికి కొత్త తెల్లగుడ్డకు పసుపు పెట్టి, చిన్న ఇత్తడి చెంబులో మడిచి పెట్టుకుని ఆ రోజంతా ఒళ్లో పెట్టుకుంది.

ధనుష్కోడి రోడ్డు మీద చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి అయిదు ఇరవై. అడ్డకర్ర దించేశారు. సాయంత్రం అయిదు దాటితే లోపలికి పంపరు, లోపలున్నవారిని చీకటి పడకముందే వెనక్కి పంపేస్తారు. భద్రత కోసం పెట్టిన నియమం. అందులో తప్పు పట్టడానికి లేదు. నేను దిగి పోలీసాయనను బతిమాలాను, పెద్దవాళ్లని చూపించాను. ఆయన మర్యాదగానే కుదరదన్నాడు. గైడు వైపు చూసి, "నీకు తెలియదా, ఇన్నేళ్లుగా తిరుగుతున్నావు" అని తమిళంలో గట్టిగానే అడిగాడు. గైడు మాట్లాడలేదు.

నేను చెన్నైలో ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి. తమిళం బాగా అర్థమవుతుంది. ఈ సంగతి అతనికి తెలియదు.

కారు దగ్గరికి వచ్చి డ్రైవరుతో తమిళంలో అన్న మాట ఇది: "ముసలావిడకు ఇసుక కావాలట. ఇక్కడిది ఇచ్చి పంపేద్దాం. రోజూ ఇచ్చేదే కదా, వీళ్లకు ఏం తెలుస్తుంది?" డ్రైవరు తల వంచుకున్నాడు. గైడు నేరుగా రోడ్డు వారకు వెళ్లి, వంగి, రెండు చేతులా మట్టి ఎత్తుకొచ్చి కారు కిటికీలోంచి మా అమ్మ ముందు పెట్టాడు. "తీసుకోండి అమ్మగారూ, సేతువు ఇసుక. గుడ్డ పట్టండి" అన్నాడు. ఆ దోసిట్లో కంకర ఉంది. తారు పెళ్లలు ఉన్నాయి. పాన్ మసాలా పొట్లం చింపిన ముక్క ఒకటి ఉంది. మా అమ్మకు కంటిచూపు మందమే గానీ చేత్తో తాకితే తెలుస్తుంది. గుడ్డ విప్పబోయి ఆగి, ఒక వేలితో ముట్టుకుని, "ఇది సముద్రపు ఇసుక కాదు నాయనా" అంది.

అప్పుడు అతను అన్నాడు: "అక్కడ మాత్రం ఏముంది? ఇసుకే కదా. గంగలో కలిపితే అంతా ఒకటే."

నేను తమిళంలోనే అడిగాను, రోజూ ఎంతమందికి ఇస్తున్నావని. అతని మొహం మారిపోయింది. అప్పటిదాకా సార్, అమ్మగారు అన్న నోటితోనే "నువ్వు చూడాల్సినవన్నీ చూశావు, కారు తిరిగింది, డబ్బు సరిపోయింది, ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు. చేతిలో మట్టి అక్కడే కారు తలుపు మీద దులిపేశాడు. జీపు ఎక్కలేదు కదా, ఆ 1,000 అయినా ఇవ్వమంటే, జీపువాడికి అడ్వాన్సు ఇచ్చేశానన్నాడు. లేని జీపుకు అడ్వాన్సు! ఎదురుగా వస్తున్న ఆటో ఒకటి ఆపి ఎక్కి వెళ్లిపోయాడు. మమ్మల్ని లాడ్జికి చేర్చింది ఆ డ్రైవరే. పాపం అతను దారంతా అమ్మకు క్షమాపణ చెబుతూనే ఉన్నాడు.

ఆ రాత్రికే మా రైలు. మరునాడు పొద్దున్నే మళ్లీ వెళ్దామంటే నలుగురికీ టికెట్లు దొరికే దారి లేదు. పెద్దమ్మకు మందులు కూడా సరిగ్గా ఆ రోజుకే ఉన్నాయి. అమ్మ ఇసుక లేకుండానే వెనక్కి వచ్చింది.

నాకు 5,700 రూపాయల బాధ లేదు. ఒంట్లో ఓపిక ఉన్నంత వరకే ఇలాంటి ప్రయాణాలు. మళ్లీ అంత దూరం తీసుకెళ్లగలనో లేదో తెలియదు. దానికంటే నన్ను నిద్రపోనివ్వని మాట "రోజూ ఇచ్చేదే కదా". ఎంతమంది పెద్దవాళ్లు ఆ చెక్‌పోస్టు పక్క మట్టిని కళ్లకద్దుకుని, గుడ్డలో మూటగట్టి, దేవుడి గదిలో పెట్టుకుని, ప్రయాగ దాకా మోసుకెళ్లి ఉంటారు? తండ్రి పేరు చెప్పుకుని, భర్త పేరు చెప్పుకుని త్రివేణిలో కలిపి ఉంటారు? తమిళం రాని కుటుంబమైతే మేము కూడా అదే మట్టిని మొక్కుకుంటూ ఇంటికి తెచ్చుకునేవాళ్లం. భక్తుల డబ్బు కాజేసేవాళ్లు ప్రతి క్షేత్రంలోనూ ఉన్నారు, అది కొత్త కాదు. ఇది డబ్బు కాజేయడం కాదు. మనిషి జీవితకాలం దాచుకున్న కోరికను తీసుకుని బదులుగా చేతిలో చెత్త పెట్టడం.

లాడ్జిలో అడిగితే, అతను తమ మనిషి కాదన్నారు. పొద్దున పిలిచి పరిచయం చేసినతనే ఆ మాట అన్నాడు. రాతపూర్వకంగా ఫిర్యాదు అక్కడి పోలీసు స్టేషనులో ఇచ్చి, రసీదు తీసుకుని రైలెక్కాను. డబ్బు పంపిన ఫోను నంబరు, సమయాలు, కారు నంబరు అన్నీ ఇచ్చాను. ఏమవుతుందో చూడాలి. ఇతనివల్ల ఇలాగే మోసపోయినవారుంటే మీరు కూడా ఫిర్యాదు ఇవ్వండి, ఒక్కరి మాట కన్నా నలుగురి మాట గట్టిగా నిలుస్తుంది.

వెళ్లేవారికి నా మాట. ధనుష్కోడిని సాయంత్రానికి వదలకండి. తీర్థస్నానం, దర్శనం అయిన వెంటనే, పన్నెండు లోపలే బయలుదేరండి. కోదండరామాలయం, ఆ తరువాత అరిచల్‌మునై చూసుకుని, పాంబన్ వైపు తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. రామేశ్వరం నుంచి ధనుష్కోడికి ప్రభుత్వ బస్సులు కూడా ఉన్నాయి. పెద్దవాళ్లు లేకపోతే గైడే అక్కరలేదు. తీర్థాల టికెట్టు దేవస్థానం కౌంటరులో మీరే తీసుకోండి. జీపు అని ఎవరైనా అంటే వెంటనే వేరే కారు చూసుకోండి. ఇసుక ఎవరి చేతినుంచీ తీసుకోకండి. నీళ్లలో మీ కాళ్లు తడిసే చోట నిలబడి, మీ చేత్తో మీరే తీసుకోండి. డబ్బు సగం మాత్రమే ముందు ఇచ్చి, మిగతాది అరిచల్‌మునై చూసి తిరిగొచ్చాక లాడ్జి ముందు ఇస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే అదే వీధిలో ఇంకో పది మంది ఉన్నారు.