ఎండోస్కోపిక్ స్పైన్ సర్జరీ: కాలి లాగుడు పోయింది, నడుం నొప్పి కొంచెం ఉంది

హైదరాబాద్‌లో ఈ సర్జరీ చేయించుకుని 5 నెలలైంది. షాపుకొచ్చే ప్రతివాళ్లూ "అక్కా, మాకూ నడుం నొప్పే, చేయించుకోవచ్చా" అని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

నాది బ్లౌజులు కుట్టే పని, పొద్దస్తమానం మిషన్ ముందే. మొదట నడుం పట్టేసేది, తర్వాత పిర్ర నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగేది. నడుం కింది భాగంలో ఎల్4, ఎల్5 అనే రెండు పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. డాక్టరుగారు వెంటనే ఆపరేషన్ అనలేదు, అది నాకు బాగా నచ్చింది. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో మందులతో, ఫిజియోథెరపీతోనే తగ్గిపోతుందట. నాకు మాత్రం మూడో నెలకి బొటనవేలు పైకి లేవడం మానేసింది, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఇక ఒప్పుకున్నా.

పూర్తి మత్తు ఇవ్వలేదు. బోర్లా పడుకోబెట్టి, నడుం పక్కన తిమ్మిరి ఇంజెక్షన్ చేసి, సుమారు 8 మిల్లీమీటర్ల గాటులోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపారు. మధ్యమధ్యలో "అమ్మా, కాలు లాగుతోందా? వేలు ఎత్తండి" అని అడుగుతూనే ఉన్నారు, నరానికి తగిలితే మనమే చెబుతామని మెలకువగా ఉంచుతారట. ఒకసారి ప్రాణం పోయినంత లాగింది, "అబ్బా" అనగానే ఆపేశారు. డిస్క్ ముక్క బయటికి తీశాక ఆ లాగుడు ఒక్కసారిగా వదిలేసింది, బల్ల మీదే ఏడ్చేశాను. సాయంత్రం నడిపించారు, మర్నాడు ఇంటికి పంపేశారు.

నచ్చనిది బిల్లు. ప్యాకేజీ అని చెప్పి, డిశ్చార్జ్ రోజు ఎండోస్కోపీ సామాన్లకంటూ వేరే లెక్క తీశారు. మా ఆయన గంటసేపు వాదిస్తే కొంత తగ్గించారు. ఏమేం కలిపి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇంకో మాట, ఇది నా కాలి లాగుడు తీసేసింది కానీ నడుం నొప్పిని పూర్తిగా తీయలేదు, వేలి చివర మొద్దుబారినట్టు ఇంకా ఉంది. మీకు నడుం మాత్రమే నొప్పి అయితే, దేనివల్ల వస్తోందో తేలకుండా దీనికి తొందరపడొద్దు. వెన్నుపూస ముందుకి జరిగినవాళ్లలో కొందరికి స్క్రూలు వేయాల్సి వస్తుంది, అది వేరే ఆపరేషన్. మూత్రం బిగుసుకుపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

అదే డిస్క్ మళ్లీ జారొచ్చన్నారు కాబట్టి వంగి బరువులెత్తడం మానేశా, అరగంటకోసారి ఫోన్లో అలారం మోగగానే మిషన్ ఆపి లేచి నడుస్తున్నా. ఈ పెళ్లిళ్ల సీజన్‌కి ఎప్పుడూ తీసుకునేదాంట్లో సగం బ్లౌజులే ఒప్పుకున్నా.